చూడని పిట్టకు వేసిన రంగు

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, నువ్వు వెళ్ళిన రోజునుంచీ నీ కుర్చీని కబ్జా చేసిన పిల్లీ. అక్కడ నువ్వూ, అక్కా, బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను. రెండో కంటి ఆపరేషన్ కూడా బాగానే జరిగిందనీ, రెండు కళ్ళ కట్లూ విప్పడానికి ఇంకో మూడు వారాలు పడుతుందనీ మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. నువ్వు చెబుతుంటే అక్క రాసిందని దస్తూరీ చూడగానే తెలిసిపోయింది. మధ్యమధ్యలో తన సొంత చీవాట్లు కూడా కలిపింది. "ఫోన్ ఎత్తడానికి చేతులు నొప్పా?" అన్నది నీ మాట కాదు, ఖాయంగా తనదే.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో ఈ ఉత్తరంలోనే తెలుస్తుంది. ఫోన్లో నేను వాదిస్తాను. నువ్వు మాట పూర్తి చేసేలోపే దానికి మూడు జవాబులు తయారుగా పెట్టుకుంటాను. కాగితం మీదైతే నాకు అడ్డొచ్చేవాళ్ళుండరు, నేను అడ్డుకోవడానికీ ఎవరూ ఉండరు.

అక్కా, ఇది అమ్మకు నువ్వే చదివి వినిపించాలి. ఒక్క మాట. చిన్నప్పుడు నా మార్కుల కార్డు నాన్నకు చదివి వినిపించేటప్పుడు లెక్కల దగ్గరకు రాగానే దగ్గు తెచ్చుకునేదానివి. ఈ ఉత్తరంలో ఎక్కడా దగ్గకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

ఇక నీ ప్రశ్నలకు వస్తానమ్మా.

పక్షుల కేంద్రంలో డ్రాయింగు హాలు కప్పు ఇంకా కారుతూనే ఉంది. ఉత్తరం వైపు కిటికీ దగ్గర నీ బల్లను గోడకు జరిపించాను, తడవడం లేదు. డైరెక్టరుగారికి మూడు అర్జీలు పెట్టాను. నాలుగోది కొంచెం ఘాటుగా రాశాను. 'కొంచెం' అన్నానని నవ్వకు.

ఆదివారం క్లాసు మూతపడలేదు. తొమ్మిదిమందీ వస్తూనే ఉన్నారు. నువ్వు లేవు కాబట్టి పాఠం చెప్పేవాళ్ళు లేరు. ఈ నెల మొదటివారం దాకా, పిట్టల లెక్క ముగించుకుని మడుగు దగ్గరి మంచె దిగొచ్చి, హాలు మధ్యలో కొంగ మాస్టారే నిలబడేవారు. "టీచరమ్మ ఉంటే ఇప్పుడు ఏమనేదో మీ అందరికీ తెలుసు. అదే అన్నాననుకోండి" అనేవారు. అంతే పాఠం. బస్సు డ్రైవరు గీసిన బాతు ఇంకా బస్సులాగే ఉంది. "దీనికి తలుపులు కూడా పెట్టావేంటయ్యా?" అని నర్సమ్మ అడిగితే, "రెక్కలమ్మా అవి! ఎక్కేవాళ్ళుంటే ఎక్కండి, టికెట్టు అడగను" అన్నాడు. మాస్టారు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అప్పుడు కూడా ఒంటికాలి మీదే. లెక్కల మాస్టారుగా ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషికి నువ్వు ఏ ముహూర్తాన కొంగ అని పేరు పెట్టావో గానీ, ఆయన్ని ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలకరు.

పెన్సిలు పిల్ల కనిపిస్తోందా అని అడిగావు. కనిపించింది. నలభై దాటినా ఇంకా ఆ పేరేమిటని నాకు అనిపిస్తుంది గానీ, నీ క్లాసుకు ఏనాడూ సొంత పెన్సిలు తెచ్చుకోని పిల్లకు ఆ పేరు అలాగే ఉండిపోయింది. "చిన్నదానివి, చివరి బెంచీలో కూర్చుంటావు, నీ చేతికి మాత్రం కన్నుంది" అని దానితో నువ్వు అనేదానివి, గుర్తుందా? ఇప్పుడు పెద్ద పక్షి శాస్త్రవేత్త. ఆమె సంగతి చివర్లో చెబుతాను.

నువ్వు అడిగిన ఇంకో ప్రశ్నకు కూడా చివర్లోనే వస్తాను.

ముందు మడుగు గొడవ చెప్పాలి. కేంద్రం వెనక చిత్తడినేలలో తూర్పు సగాన్ని పూడ్చి లారీల యార్డు కడతామని కంపెనీవాళ్ళు దరఖాస్తు పెట్టారని నీకు ముందే రాశాను. నా సంగతి తెలుసు కదా. నీళ్ళు ఎవరివి, నేల ఎవరిది, అక్కడ చేపలు పట్టుకుని బతికే నలభై కుటుంబాలను ఎవరు అడిగారు, వానొస్తే ఆ నీళ్ళు ఎవరి ఇళ్ళలోకి పోతాయి అని నాలుగు కరపత్రాలు వేశాను. రోడ్డు మధ్యన నిలబడి మాట్లాడాను. ఆ దరఖాస్తును విచారించే కమిటీలో ఒకాయన నా కరపత్రం చేత్తో పట్టుకుని, "అమ్మా, మీ కోపం బాగుంది. ఫైల్లో పెట్టుకోవడానికి కోపం కాకుండా ఇంకేమైనా ఉందా?" అన్నాడు. నలభై కుటుంబాల బతుకు వాళ్ళ ఫైల్లో పట్టదు. పిట్ట మాత్రం పడుతుంది! వాళ్ళ నిబంధన ప్రకారం, నువ్వు వంకరముక్కుది అని పిలిచే, చలికి వలసొచ్చే ఆ చిన్న ఉల్లంకి పిట్ట గత ఐదు చలికాలాల్లో ఒక్కసారైనా తూర్పు మడుగులో దిగి ఉంటే, ఆ సగాన్ని ముట్టుకోకూడదు. నాలుగు చలికాలాలుగా అది రాలేదు. ఇది ఐదోది.

అదీ పరిస్థితి. మనుషులు ఎంత అరిచినా వినని నిబంధన ఒక పిట్ట వాలితే వింటుంది. దీని మీద నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది. ఆ మంట అబద్ధం కాదు. ఇది మాత్రం గుర్తుపెట్టుకో.

ఆధారంగా చూపించడానికి ఉన్నది నీ రిజిస్టరు ఒక్కటే. ముప్ఫై ఒక్క ఏళ్ళ లెక్క. దాని పద్ధతి నీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ అక్క ఎప్పుడూ మంచె ఎక్కలేదు కాబట్టి తనకోసం రాస్తున్నాను. ఎడమ పేజీలో చూసినవాళ్ళు తేదీ, గంట, గాలి, వెలుతురు రాయాలి. కుడి పేజీలో అక్కడికక్కడే పెన్సిలుతో బొమ్మ గీయాలి. పక్కనున్న రెండో మనిషి కింద సంతకం పెట్టాలి. రంగు మాత్రం తరవాత హాల్లోకి వచ్చి, రాసుకున్న మాటల్ని బట్టి వేసుకోవాలి. లోపలి గదిలో సొరుగుల్లో ఉన్న, దూది కూరిన పిట్టల్ని చూసి రిజిస్టరులో ఎవరూ గీయకూడదు. ఇది అమ్మ పెట్టిన కట్టుబాటక్కా. బొమ్మ అందంగా లేకపోయినా పర్వాలేదు, కళ్ళతో చూసినదై ఉండాలి.

నడిచలికాలంలో ఒక ఆదివారం, వంకరముక్కుది దిగినట్టు రిజిస్టరులో ఒక పేజీ చేరింది. రిజిస్టరు కమిటీ ముందుకు వెళ్ళింది. కంపెనీ తరఫున దాన్ని పరిశీలించడానికి వచ్చింది ఎవరనుకున్నావు? పెన్సిలు పిల్ల.

ఆమె పేజీలు చాలా నెమ్మదిగా తిప్పింది. నువ్వు గీసిన పేజీల దగ్గర ఆగి, ఒకటి రెండుసార్లు నవ్వుకుంది కూడా. చివరి పేజీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

"ఇది ఏ తేదీన చూశారండీ?"

తేదీ చదివారు.

"ఈ పిట్ట ఛాతీ ఎర్రబడేది చలి పోయాక, తిరిగి వెళ్ళబోయే ముందు. నడిచలికాలంలో బూడిదరంగులో ఉంటుంది. మొదటి నెలలోనే టీచరమ్మ మాకు నేర్పిన పాఠం ఇది. ఈ ఎరుపు ఎలా వచ్చిందో నాకు తెలియడం లేదు."

"పెళ్ళికి తొందరపడిందేమో!" అన్నాడు కమిటీ పెద్ద. అందరూ నవ్వారు. కంపెనీ వకీలు మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, "ఈ ఒక్క పేజీ ఇలా ఉంటే, మిగతా ముప్ఫై ఒక్క ఏళ్ళ పేజీల మాటేమిటండీ?" అన్నాడు.

దీనికి బాధ్యులెవరని అడిగారు. వెనక వరసలోంచి కొంగ మాస్టారు లేచారు. "రిజిస్టరు నా దగ్గర ఉంటుంది. ఆ పేజీ కింద సంతకం నాది. సరిచూసుకోవాల్సింది నేను" అన్నారు. మర్నాడు డైరెక్టరుగారు ఆయన దగ్గర్నుంచి మంచె తాళంచెవి తీసేసుకున్నారు.

ఇక్కడిదాకా విని, మాస్టారికి జరిగిన అన్యాయం మీద నేను యుద్ధం ప్రకటించబోతున్నానని అనుకుంటావు. ఈ ఉత్తరం మూడుసార్లు అలాగే మొదలుపెట్టాను. మూడుసార్లూ చించేశాను.

అమ్మా, ఆ పేజీ నాది.

వంకరముక్కుది రాలేదు. వచ్చిందని కిందటి ఉత్తరంలో నీకు రాసింది అబద్ధం. నువ్వు అడిగావు: "ఎటువైపు తిరిగి నిలబడింది? నీడ నీళ్ళలో పడిందా, బురద మీదా? ముక్కు ఎంతవరకు దించింది? అన్నీ రాయి, కట్టు కింద దాన్ని గీసుకుంటున్నాను" అని. నాకు తెలియదమ్మా. అది ఎటువైపూ నిలబడలేదు. కళ్ళకు కట్టు కట్టుకుని ఉన్న మనిషికి లేని పిట్టను చూపించాను.

ఎలా చేశానో కూడా చెబుతాను. నీకు చెప్పకపోతే అది సగం ఒప్పుకోవడమే అవుతుంది. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ బయటికి వెళ్ళాక, లోపలి గదిలోకి వెళ్ళి నాలుగో బీరువాలో కింది సొరుగు లాగాను. కలరా ఉండల వాసన ముక్కులు పగలగొట్టింది. కళ్ళ స్థానంలో దూదితో, కాళ్ళకు చీటీతో వంకరముక్కుది వెల్లకిలా పడుకుని ఉంది. దాన్ని లేపి నిలబెట్టినట్టు ఊహించుకుని చిన్న కాగితం మీద గీసుకున్నాను. నాలుగుసార్లు గీస్తే గానీ కాళ్ళు కుదరలేదు. ఆదివారం మాస్టారు బాతుల్ని లెక్కపెట్టడానికి పడమటి గట్టు మీదికి వెళ్ళిన పావుగంటలో, ఆ కాగితం చూసి రిజిస్టరులోకి ఎక్కించాను.

ఆయన తిరిగొచ్చి బొమ్మ చూసి, "నేను చూడలేదే అమ్మాయీ" అన్నారు.

"నేను చూశాను మాస్టారూ. ఇప్పుడే లేచిపోయింది."

"ఎటు?"

"తూర్పుకే. ఏంటండీ ఇన్ని ప్రశ్నలు? నేను అబద్ధం చెప్తానా?"

ఆ గొంతు నీకు తెలుసు. ఎదుటివాడి మీద పెద్ద బండరాయి పెట్టినట్టు మాట్లాడే గొంతు. ఆ గొంతుతోనే పాతికేళ్ళుగా పెద్దపెద్దవాళ్ళ నోళ్ళు మూయించాను. ఆ రోజు దాన్ని కొంగ మాస్టారి మీద వాడాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "నిజమేలే. టీచరమ్మ కూతురివి" అని సంతకం పెట్టారు. ఆ తరవాత వెలుతురు పోయేదాకా మంచె దిగలేదమ్మా. "మళ్ళీ వస్తుందేమో" అంటూ దుర్భిణి కళ్ళకు ఆనించుకుని అలాగే నిలబడ్డారు. నేను పక్కనే కూర్చుని ఫ్లాస్కులో టీ పోసిచ్చాను.

రంగు సోమవారం వేశాను. సొరుగులో పిట్ట ఎర్రగా ఉంది కాబట్టి ఎరుపు వేశాను. దాని కాలికున్న చీటీ మీద తేదీ ఉంది, ఎండలు మొదలయ్యాక పట్టినదని. నేను చదవలేదు. కరపత్రంలో ఒక్క అంకె తప్పు పడితే ప్రెస్సువాడి మీద విరుచుకుపడే నేను, అరంగుళం చీటీ చదవలేదు. చలిలో బూడిద, ఎండలో ఎరుపు అని నువ్వు నాకు వందసార్లు చెప్పి ఉంటావు. అన్నం తినేటప్పుడు చెప్పావు, జడ వేసేటప్పుడు చెప్పావు. "ఆకలితో మనుషులు చస్తుంటే నీకు ఈకల రంగులు కావాల్సొచ్చాయా?" అని ఎదురు చెప్పేదాన్ని. నీ మాటలు నేను ఎప్పుడూ వినలేదమ్మా. జవాబివ్వడానికి కావలసినంత మాత్రమే విన్నాను.

మాస్టారు లేచి తప్పు నాదన్నప్పుడు, ఆయనకూ నాకూ మధ్య నాలుగు కుర్చీలున్నాయి. నేను లేవలేదు. ఆయన కూర్చోబోతూ ఒక్కసారి నా వైపు చూశారు. ఆ ఎరుపు సంగతి వినగానే ఆయనకు అంతా అర్థమైపోయింది. నేను తల వంచుకుని ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

ఇది చాలదన్నట్టు, ఆ వారంలోనే ఐదో కరపత్రం వేశాను. దాని పేరు 'అమ్ముడుపోయిన కళ్ళు'. పెన్సిలు పిల్ల మీద. తనకు చూడడం నేర్పిన చేతినే కరిచిందని రాశాను. ఆ చేయి నీది. నీ పేరు చెప్పకుండా నిన్ను వాడుకున్నాను. చదివినవాళ్ళు చప్పట్లు కొట్టారు. అందులో ఒక్క వాక్యం కూడా నిజం కాదు. ఆ హాల్లో నిజం మాట్లాడింది ఆమె ఒక్కతే.

కంపెనీవాళ్ళు మాత్రం వెయ్యి పేజీల నివేదికలో ఎన్ని అబద్ధాలు రాయలేదు? మడుగు దగ్గర మనుషులే లేరని రాశారు. దానికి ఎవరు లేచి నిలబడి తప్పు నాదన్నారు? చూశావా, మళ్ళీ వాదిస్తున్నాను. ఈ పేరా కొట్టెయ్యాలి. కొట్టెయ్యను. నేను ఎలాంటిదాన్నో నీకు తెలియాలి.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. జవాబు రాయడానికి కూర్చున్నాను. "సూర్యుడికి ఎదురుగా నిలబడింది, నీడ" అని రాశాను. నీడ ఎక్కడ పడాలో ఆలోచిస్తున్నాను, బాగా కుదరాలని. ఏం చేస్తున్నానో అప్పుడు అర్థమైంది. ఆ కాగితం చించి మాస్టారింటికి వెళ్ళాను.

ఆయన వరండాలో పాత దుర్భిణి ముక్కలు ముక్కలుగా విప్పి, అద్దాలు తుడుచుకుంటున్నారు.

"మాస్టారూ, నేను చూడలేదు" అన్నాను.

"తెలుసమ్మా."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్తావని" అన్నారు.

తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. తిట్లకు నా దగ్గర జవాబులుంటాయి.

నిన్న కమిటీ మళ్ళీ కూర్చుంది. లేచి చెప్పాను. పిట్ట రాలేదనీ, బొమ్మ సొరుగులోదనీ, మాస్టారికి నేను అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నాననీ, కరపత్రం తప్పనీ చెప్పాను. నాలుగు వాక్యాలు. జీవితంలో నేను చేసిన అతి చిన్న ఉపన్యాసం అదే, చప్పట్లు రాలేదు. చేపలు పట్టేవాళ్ళ తరఫున ఎప్పుడూ నా పక్కనే కూర్చునే పెద్దావిడ, "మా పేరు చెప్పి ఇదెందుకు చేశావమ్మా? మేం అడిగామా నిన్ను?" అంది. ఆమె గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినిపించింది.

ఈ ఏటి రిజిస్టరును పక్కన పెట్టేశారు. పాత ముప్ఫై ఏళ్ళవీ పేజీ పేజీ సరిచూసి చెబుతానని పెన్సిలు పిల్ల తనంతట తానే ముందుకొచ్చింది. కంపెనీ పని మానుకుని చేస్తుందట. బయట మెట్ల మీద నా దగ్గరకు వచ్చింది. చేతిలో మడతపెట్టిన కరపత్రం ఉంది.

"అక్కా, ఇది టీచరమ్మకు పంపారా?"

"లేదు."

"పంపకండి. ఆపరేషన్ అయింది కదా, ఏడిస్తే కళ్ళకు మంచిది కాదు" అని వెళ్ళిపోయింది.

నేను క్షమాపణ అడిగే లోపే వీధి దాటేసింది.

మడుగు నిలబడుతుందో లేదో వచ్చే నెల చెబుతారు. నిలబడదనే అనుకుంటున్నాను. చలికాలం ఇంకా మూడు ఆదివారాలుంది. ఇప్పుడు నిజంగానే ఆ పిట్ట వచ్చి నా ఎదురుగా వాలినా, చూశానని నేను చెబితే రాసుకునేవాళ్ళుండరు. అది నేను చేసిన పని.

డైరెక్టరుగారు నిన్న సాయంత్రమే తాళంచెవి పట్టుకుని మాస్టారింటికి వెళ్ళారు. ఆయన తీసుకోలేదు. "ఆ అమ్మాయి తప్పు ఆ అమ్మాయి చెప్పుకుంది. చూడకుండా సంతకం పెట్టింది నేను. అది నా తప్పే కదండీ" అన్నారట. మంచెకు రావడం లేదు. క్లాసుకూ రావడం లేదు. రెండు వారాలుగా ఆ తొమ్మిదిమందీ హాల్లో కూర్చుని, గీసేవాళ్ళు గీసి, గీయనివాళ్ళు కాసేపు తలుపు వైపు చూసి వెళ్ళిపోతున్నారు. ఆ పేజీ ఎవరిదో ముందే పోల్చుకున్నట్టున్నారు, నేను వెళితే మాటలు ఆపేసేవారు. వెళ్ళడం మానేశాను.

అమ్మా, నన్ను క్షమించానని రాయకు. నువ్వు రాస్తావు, అదే నా భయం. అక్కా, నువ్వు కూడా నా తరఫున సర్దిచెప్పకు. ఈ ఉత్తరానికి నాకు జవాబు వద్దు. రాయాలనిపిస్తే మాస్టారికి రాయి. తాళంచెవి తీసుకోమని నచ్చజెప్పమని అడగడం లేదు. ఆయనకు నచ్చజెప్పే హక్కు నాకు లేదు, నీ చేత చెప్పించే హక్కు అసలే లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మీరిద్దరూ ఒకరి బొమ్మ కింద ఒకరు సంతకం పెట్టుకున్నారు. ఆయనకు ఏం రాయాలో నీకు తెలుస్తుంది. అందులో నా ఊసు మాత్రం ఎత్తకు.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
నీ చిన్న కూతురు